చరిత్ర తరగతిలో హేతువు: పద్దెనిమిదో శతాబ్దపు తాత్త్వికుల పాఠంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

యూరపు జ్ఞానోదయ యుగ తాత్త్వికులను చరిత్ర విద్యార్థులకు బోధించేటప్పుడు పేరు, గ్రంథం, ఒక భావం అనే మూడు గళ్ల పట్టికగా చెప్పడం అలవాటైంది. ఈ పద్ధతిలో హేతువు కొందరు మహనీయులు ప్రకటించిన సిద్ధాంతంగా మిగులుతుంది. ఆ తాత్త్వికుల రచనలను దగ్గరగా చదివితే, హేతువు సాక్ష్యాన్ని పరీక్షించే ఒక పనిగా, ఉత్తరం, కథ, వ్యంగ్యం, వ్యాజ్యపత్రం వంటి రూపాల్లో కనిపిస్తుంది. తెలుగులో వాడే పారిభాషిక పదాలు ఈ తేడాను ఎట్లా కప్పివేస్తున్నాయో, కలాస్ వ్యాజ్యం, పర్షియన్ లేఖలు, బానిసత్వంపై విమర్శ, లిస్బన్ భూకంపంపై వాదం అనే ఉదాహరణల ద్వారా పాఠాన్ని ఎట్లా పునర్నిర్మించవచ్చో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హేతువు, జ్ఞానోదయ యుగం, చరిత్ర బోధన, వోల్టేర్, మాంటెస్క్యూ, రూసో, వీరేశలింగం, వ్యంగ్యం.

1. ఉపోద్ఘాతం:

వోల్టేర్ (1694–1778) పేరు విన్న విద్యార్థికి సాధారణంగా ఒక వాక్యం గుర్తుకు వస్తుంది. ఎదుటివారి అభిప్రాయంతో ఏకీభవించకపోయినా, దానిని చెప్పే హక్కును ప్రాణమిచ్చి కాపాడతానన్న అర్థం గల వాక్యం అది. ఉపన్యాసాల్లో, వ్యాసరచన పోటీల్లో, సమాధాన పత్రాల్లో అది వోల్టేర్ మాటగానే చలామణి అవుతోంది. అయితే వోల్టేర్ రచనల్లో ఆ వాక్యం లేదు. ఎవలిన్ బియాట్రిస్ హాల్ అనే ఆంగ్ల రచయిత్రి ఎస్.జి. టాలంటైర్ అనే కలంపేరుతో 1906లో ప్రచురించిన ‘ద ఫ్రెండ్స్ ఆఫ్ వోల్టేర్’ అనే పుస్తకంలో దానిని రాసింది. హెల్వేషియస్ గ్రంథం దహనానికి గురైన సందర్భంలో వోల్టేర్ వైఖరి ఎట్లా ఉండేదో తన మాటల్లో చెప్పడం ఆమె ఉద్దేశం. తరువాతి పాఠకులు దానిని ఆయన నోట పెట్టారు.

ఇది చిన్న పొరపాటుగా తోచవచ్చు. కానీ ఎంతటి ప్రసిద్ధుడు చెప్పినా ఆధారం అడగాలన్న తాత్త్వికుణ్ణి, ఆధారం అడగకుండా ఒప్పుకున్న వాక్యంతో పరిచయం చేస్తున్నామన్నది ఇక్కడ గమనార్హం. హేతువును గురించిన పాఠం హేతువును వాడకుండానే పూర్తవుతోంది. ఈ వైరుధ్యానికి ఒక అధ్యాపకుణ్ణో ఒక పుస్తకాన్నో బాధ్యులను చేయడం సరికాదు. అది మనం వాడే పదాల్లో, పాఠం నిర్మాణంలో, ప్రశ్న అడిగే తీరులో ఉంది. ఆ మూడింటినీ వరుసగా పరిశీలించవలసి ఉంది.

2. మూడు పదాల చిక్కు:

తెలుగు మాధ్యమంలో ఈ పాఠం మూడు పదాలపై నిలుస్తుంది: జ్ఞానోదయం, తత్త్వవేత్త, హేతువాదం. మూడూ మన భాషలో ముందే స్థిరపడిన అర్థాలు గల పదాలే. ఆ అర్థాలు పాఠంలోకి కూడా వస్తాయి.

‘జ్ఞానోదయం’ అనే పదాన్ని విద్యార్థి మొదట బుద్ధుని కథలో వింటాడు. బోధివృక్షం కింద ఏకాంతంగా ధ్యానించిన ఒక వ్యక్తికి కలిగిన సాక్షాత్కారం అది. అదే పదాన్ని పద్దెనిమిదో శతాబ్దపు యూరపుకు వాడినప్పుడు, కొందరు మేధావులకు ఒక సత్యం తట్టిందనీ, వారు దానిని లోకానికి పంచారనీ భావన ఏర్పడుతుంది. వాస్తవానికి ఆ ఉద్యమం అచ్చుయంత్రం, ఉత్తర ప్రత్యుత్తరాలు, కాఫీ గృహాలు, గోష్ఠులు, రహస్య ప్రచురణల మధ్య సాగిన బహిరంగ వాదప్రతివాదం. దిదెరో సంపాదకత్వంలో 1751లో మొదలై 1772కు ముగిసిన ‘ఎన్‌సైక్లొపీడీ’ 17 వచన సంపుటాలు, 11 చిత్రఫలక సంపుటాలుగా వెలువడింది. 1759లో ప్రభుత్వం దాని ముద్రణానుమతిని రద్దు చేసినా పని ఆగలేదు. ఒక వృక్షం కింద ఒక్కరికి కలిగిన అనుభవానికీ, ఎందరో రచయితలు రెండు దశాబ్దాలు కలిసి చేసిన శ్రమకూ ఒకే మాట వాడుతున్నామని తరగతిలో ఒకసారైనా చెప్పవలసి ఉంటుంది.

‘తత్త్వవేత్త’ అన్నప్పుడు మన సంప్రదాయంలో ఆత్మ, బ్రహ్మం, జగత్తు వంటి విషయాలను విచారించే జ్ఞాని స్ఫురిస్తాడు. ఆనాటి ఫ్రాన్సులో ఆ పేరుతో పిలిపించుకున్నవారు ప్రధానంగా సాహిత్యకారులు. నాటకాలు, నవలలు, కరపత్రాలు రాసినవారు. వారి రచనలకు రూపం, హాస్యం, పాత్ర, కథకుడు ఉంటాయి. వాటిని సిద్ధాంత గ్రంథాలుగా మాత్రమే చదివితే ఏం పోగొట్టుకుంటామో ముందు ముందు చూద్దాం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘హేతువాదం’తో వస్తుంది. ఈ ఒక్క పదం తెలుగులో మూడు వేర్వేరు విషయాలకు నిలుస్తోంది. తత్త్వశాస్త్రంలో ఇంద్రియానుభవంపై ఆధారపడకుండా బుద్ధి ద్వారానే నిశ్చిత జ్ఞానం లభిస్తుందన్న డెకార్ట్ (1596–1650) మార్గానికి అది పేరు. చరిత్ర పాఠంలో జ్ఞానోదయ యుగపు విమర్శనాత్మక ధోరణి మొత్తానికీ అదే పేరు. తెలుగునాట సామాజిక చరిత్రలో త్రిపురనేని రామస్వామి (1887–1943) పురాణ విమర్శ, గోరా (1902–1975) నాస్తికోద్యమం వంటి ధారలను తలపించే పదం కూడా అదే. మూడూ కలగలిసినప్పుడు విద్యార్థి రెండు తప్పు నిర్ణయాలకు వస్తాడు.

మొదటిది, జాన్ లాక్‌ను (1632–1704) హేతువాదిగా రాయడం. పుట్టుకతో వచ్చే భావాలు లేవనీ, జ్ఞానానికి మూలం అనుభవమనీ వాదించిన లాక్, తత్త్వశాస్త్ర విభాగం దృష్టిలో హేతువాదానికి ఎదుటి పక్షం. రెండవది, హేతువును సమర్థించినవారంతా నాస్తికులని భావించడం. వోల్టేర్ చర్చి అధికారాన్ని ఎదిరించాడు, కానీ సృష్టికర్తను నమ్మాడు. ఫెర్నే గ్రామంలో ఆయన దేవునికి అంకితంగా ఒక చర్చిని కట్టించాడు. రూసో ‘సామాజిక ఒడంబడిక’ (1762) చివర పౌరమతాన్ని ప్రతిపాదిస్తూ దైవవిశ్వాసాన్ని అందులో చేర్చాడు. మతసహనంపై 1689లో ప్రచురితమైన తన లేఖలో లాక్ నాస్తికులకు సహనాన్ని నిరాకరించాడు. దేవుణ్ణి నమ్మనివారి ప్రమాణానికి విలువ ఉండదన్నది ఆయన వాదం.

ఈ పదాలను వదులుకోవాలని ప్రతిపాదించడం లేదు. నిజానికి ‘హేతువు’ అన్న మాటకు మన న్యాయశాస్త్రంలో ఉన్న అర్థం ఈ పాఠానికి ఎంతో ఉపకరిస్తుంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే పంచావయవాల్లో హేతువు రెండవది. కొండపై నిప్పు ఉందన్నవాడిని ఎందుచేతనని అడిగితే, పొగ కనిపిస్తోంది కనుక అని ఇచ్చే జవాబు అది. హేతువు అంటే ఒక మాటను నిలబెట్టే ఆధారం. ఈ అర్థాన్ని ముందుంచుకుంటే, హేతువును సమర్థించిన తాత్త్వికుడంటే ఫలానా అభిప్రాయం గలవాడని కాక, ప్రతి అభిప్రాయానికీ ఆధారం అడిగినవాడని విద్యార్థి గ్రహిస్తాడు.

3. పట్టిక పాఠం:

2006లో వెలువడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఫ్రెంచి విప్లవం అధ్యాయం ఈ తాత్త్వికులను ఒక పేరాలో పరిచయం చేస్తుంది. రాజు దైవదత్తాధికారాన్ని ఖండించిన లాక్, ప్రజలకూ ప్రతినిధులకూ మధ్య ఒడంబడికను ప్రతిపాదించిన రూసో, శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికార విభజనను సూచించిన మాంటెస్క్యూ అక్కడ వరుసగా వస్తారు. ఆ భావాలు గోష్ఠుల్లో, కాఫీ గృహాల్లో చర్చకు వచ్చాయనీ, చదువురానివారి కోసం పుస్తకాలను బిగ్గరగా చదివి వినిపించేవారనీ చెప్పడం ఆ పేరాలోని మంచి అంశం. బడిపిల్లలకు అంతకన్నా ఎక్కువ ఆశించలేము.

సమస్య ఆ తరువాత మొదలవుతుంది. డిగ్రీ, పి.జి. స్థాయికి వచ్చినా పాఠం అదే పేరాను పొడిగిస్తుంది. ముగ్గురి స్థానంలో ఏడెనిమిది మంది వస్తారు, ఒక్కొక్కరికి జననమరణ సంవత్సరాలు, గ్రంథాల పేర్లు చేరతాయి. పోటీ పరీక్షల బిట్లకు ఇది అనువుగా ఉంటుంది. గ్రంథాన్నీ రచయితనూ జతపరచమనే ప్రశ్నకు దీనికి మించిన తయారీ అవసరం లేదు. కానీ ఈ పట్టికలో మూడు విషయాలకు చోటు దొరకదు. ఆ గ్రంథం ఏ సందర్భంలో ఎవరిని ఒప్పించడానికి పుట్టింది? అది ఏ రూపంలో ఉంది? దానితో ఎవరు విభేదించారు? ఈ మూడు ప్రశ్నలూ చరిత్ర విద్యార్థి ఏ ఆధార పత్రాన్ని చూసినా అడగవలసినవే. తాత్త్వికుల పాఠం దగ్గర మాత్రం వాటిని అడగడం మానేస్తున్నాం.

ఈ పద్ధతికి ఒక సమర్థన ఉంది. సమయం తక్కువ, సిలబస్ ఎక్కువ, మూలగ్రంథాలు తెలుగులో సులభంగా దొరకవు. ఇది నిరాధారమైన మాట కాదు. అందువల్ల ఎనిమిది మందిని పైపైన చెప్పడానికి పట్టే వ్యవధిలోనే నాలుగు సందర్భాలను లోతుగా చూడవచ్చునేమో పరిశీలించడం మంచిది.

4. కలాస్ వ్యాజ్యం - సాక్ష్యాన్ని చదవడం:

1761 అక్టోబర్ 13 రాత్రి ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో జాఁ కలాస్ అనే ప్రొటెస్టంట్ బట్టల వర్తకుడి ఇంట్లో పెద్దకొడుకు మార్క్ ఆంత్వాన్ చనిపోయి కనిపించాడు. 1685లో నాంట్ శాసనం రద్దయినప్పటి నుంచి ప్రొటెస్టంట్లకు ఆ దేశంలో చట్టబద్ధమైన ఉనికి లేదు. మార్క్ ఆంత్వాన్ న్యాయశాస్త్రం చదివినా, కేథలిక్ అన్న ధ్రువపత్రం లేక వృత్తి చేపట్టలేకపోయాడు. కొడుకు కేథలిక్‌గా మారబోతుంటే తండ్రే చంపాడన్న వదంతి ఊరంతా పాకింది. న్యాయస్థానం తండ్రికి మరణశిక్ష విధించింది. 1762 మార్చి 10న ఆయనను చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు.

ఈ వార్త విన్న వెంటనే వోల్టేర్ తండ్రి పక్షం వహించలేదు. మతోన్మాదం తండ్రిదా, న్యాయమూర్తులదా అన్నది ఆయనకు మొదట తేలలేదు. వివరాలు సేకరించాడు. ప్రాణాలతో ఉన్న కుటుంబసభ్యులను విచారించాడు. పత్రాలు ప్రచురించాడు. 1763లో సహనంపై తన గ్రంథాన్ని వెలువరించాడు. ఆ గ్రంథం మొదటి అధ్యాయంలోని వాదన సిద్ధాంతంతో కాక వాస్తవాలతో నడుస్తుంది. వయసు మళ్లి కాళ్లలో సత్తువ లేని తండ్రి బలవంతుడైన యువకుణ్ణి ఒంటరిగా ఉరి తీయలేడు. ఇంట్లో అందరూ కలిసి చేశారనుకుంటే అందరూ దోషులు కావాలి. వారిలో కేథలిక్ మతస్థురాలైన పనిమనిషి కూడా ఉంది. ఆ ఇంటి మరో కొడుకు కేథలిక్‌గా మారడానికి తోడ్పడింది ఆమే. కనుక తండ్రిని మాత్రమే చంపిన తీర్పు తనను తాను ఖండించుకుంటోంది. ఈ తర్కానికి ప్రజాభిప్రాయం తోడై, 1764లో రాజమండలి ఆ తీర్పును కొట్టివేసింది. 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని ప్రకటన వెలువడింది.

చరిత్ర తరగతికి ఈ వ్యాజ్యం రెండు కారణాల వల్ల విలువైనది. మొదటిది, ఇందులో విరుద్ధ సాక్ష్యం ఉంది. కొడుకు నేలపై చనిపోయి పడి ఉన్నాడని కుటుంబం మొదట చెప్పింది. తరువాత ఉరి వేసుకుని కనిపించాడని మార్చింది. న్యాయస్థానానికి ఆ మార్పు నేరానికి రుజువుగా తోచింది. అయితే ఆత్మహత్య చేసుకున్నవారి శవాన్ని వీధుల్లో ఈడ్చి అవమానించే శిక్ష ఆనాడు అమల్లో ఉంది. ఆ అవమానం నుంచి కొడుకును తప్పించడానికి కుటుంబం అబద్ధమాడి ఉండవచ్చు. ఒకే వాంగ్మూలం రెండు రకాలుగా ఎట్లా అర్థమవుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

రెండవది, వోల్టేర్‌ను కూడా ఇదే కొలతతో కొలవవచ్చు. 1698లో పుట్టిన కలాస్ వయసు మరణించేనాటికి 63 ఏళ్లు. వోల్టేర్ ఆయనను 68 ఏళ్ల వృద్ధుడిగా రాశాడు. తెలిసి పెంచాడా, తెలియక రాశాడా అన్నది పక్కన పెడితే, ఆ ఐదేళ్లు ఆయన వాదనకు బలం చేకూర్చిన మాట నిజం. హేతువును సమర్థించిన రచయిత వాక్యాన్ని కూడా జన్మ సంవత్సరంతో సరిచూడాలని ఇక్కడ విద్యార్థి నేర్చుకుంటాడు. ఆ పని వోల్టేర్‌ను చిన్నబుచ్చదు. ఆయన కోరిన పాఠకుడు అట్లాంటివాడే.

5. బయటి చూపు - పర్షియన్ లేఖలు, సత్యరాజా:

మాంటెస్క్యూ (1689–1755) అనగానే అధికార విభజన అని రాసే విద్యార్థికి, ఆయన తొలి ప్రసిద్ధ రచన ఒక లేఖా నవల అన్న విషయం సాధారణంగా తెలియదు. 1721లో రచయిత పేరు లేకుండా వెలువడిన ‘పర్షియన్ లేఖలు’లో ఉస్బెక్, రికా అనే ఇద్దరు పర్షియన్లు పారిస్ నగరాన్ని చూసి ఉత్తరాలు రాస్తారు. ఫ్రెంచివారికి నిత్యపరిచితమైన రాజభక్తి, పోపు అధికారం, వేషభాషలు ఈ పరాయి కళ్లకు వింతలుగా కనిపిస్తాయి. ఆచారం ఆచారంగా ఉన్నంతకాలం దానికి కారణం అడగాలని తోచదు. దూరం నుంచి చూసినప్పుడు కారణం అడగక తప్పదు. పరాయి యాత్రికుడు అనే కల్పన ఇక్కడ హేతువుకు పనిముట్టు అయింది.

తెలుగు విద్యార్థికి ఈ యుక్తి కొత్తది కాదు. జొనాథన్ స్విఫ్ట్ ‘గలివర్స్ ట్రావెల్స్’ (1726) స్ఫూర్తితో కందుకూరి వీరేశలింగం (1848–1919) రచించిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లో యాత్రికుడు ఆడమలయాళం చేరతాడు. మన సమాజంలో స్త్రీలపై ఉన్న కట్టుబాట్లు అక్కడ పురుషులపై అమలవుతుంటాయి. తలకిందులైన ఆ ప్రపంచాన్ని చూసి నవ్వుకున్న పాఠకుడు, అదే నియమం తన ఇంట్లో స్త్రీలకు వర్తించినప్పుడు ఎందుకు నవ్వు రాలేదని ప్రశ్నించుకోవలసి వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు యూరపు వ్యంగ్యరీతి ఆంగ్లం ద్వారా తెలుగు సంస్కరణోద్యమంలోకి ప్రవేశించిన స్పష్టమైన మార్గాల్లో ఇది ఒకటి. చరిత్ర, తెలుగు శాఖలు కలిసి ఒక తరగతి నిర్వహిస్తే, ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదవవచ్చు.

పర్షియన్ లేఖలలో మరొక పొర ఉంది. పారిస్‌లో నిరంకుశత్వాన్ని విమర్శించే ఉస్బెక్, స్వదేశంలో తన అంతఃపురాన్ని నపుంసక కాపలాదారుల చేత కఠినంగా పాలింపజేస్తుంటాడు. నవల ముగింపు లేఖ ఆయన భార్య రొక్సాన్ రాసినది. ఆమె తిరుగుబాటు చేసి, విషం తాగి, చనిపోతూ రాస్తుంది. లోకాన్ని హేతుబద్ధంగా పరిశీలించిన వ్యక్తి తన అధికారాన్ని మాత్రం పరిశీలించుకోలేదన్న విమర్శ ఆ నవల నిర్మాణంలోనే ఉంది. అధికార విభజన అనే ఒక్క మాటకు కుదించిన మాంటెస్క్యూలో ఈ ఆత్మవిమర్శ కనిపించదు.

6. వ్యంగ్యం తెలియని చదువు - బానిసత్వం సందర్భం:

పట్టిక పాఠం వల్ల కలిగే నష్టం అతి స్పష్టంగా కనిపించేది బానిసత్వం విషయంలో. పైన పేర్కొన్న ఎన్.సి.ఇ.ఆర్.టి. అధ్యాయమే, పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో బానిసత్వంపై విమర్శ పెద్దగా లేదని అంటుంది. రాజకీయ ఉద్యమం అన్న అర్థంలో ఈ మాట చాలావరకు నిలుస్తుంది. కానీ అదే పుస్తకం పరిచయం చేసిన మాంటెస్క్యూ రచనలోనే దీనికి భిన్నమైన సాక్ష్యం ఉంది.

‘స్పిరిట్ ఆఫ్ లాస్’ (1748) పదిహేనో భాగంలో మాంటెస్క్యూ, నల్లజాతివారిని బానిసలుగా చేసుకునే హక్కును తాను సమర్థించవలసి వస్తే ఏమనేవాడినో చెబుతూ కొన్ని కారణాలు వల్లిస్తాడు. చక్కెర ధర పెరిగిపోతుందన్నది వాటిలో ఒకటి. వారి శరీరవర్ణాన్ని గురించిన అసంబద్ధ కారణాలు మరికొన్ని. ప్రతి కారణమూ తన డొల్లతనాన్ని తానే బయటపెట్టుకునేలా ఆ పేరాలు రాశాడు. ముఖ్యాంశాలను ఏరి రాసుకునే అలవాటుతో ఈ అధ్యాయాన్ని చదివిన విద్యార్థి, మాంటెస్క్యూ బానిసత్వానికి ఇన్ని సమర్థనలు చూపాడని రాసే ప్రమాదం ఉంది. వాక్యానికి పైఅర్థం, లోపలి అర్థం ఉంటాయని తెలిసినవాడు మాత్రమే అక్కడ విమర్శను చదవగలడు. మన అలంకారశాస్త్రం ధ్వని గురించి ఇంతగా చర్చించింది. నిందాస్తుతి, వ్యాజస్తుతి మన విద్యార్థులకు పరిచితాలు. ఆ శిక్షణను చరిత్ర పత్రాలకు వర్తింపజేయడమే మిగిలింది.

వోల్టేర్ ‘కాండీడ్’ (1759) పందొమ్మిదో అధ్యాయంలో సూరినాం వద్ద ఒక బానిస కనిపిస్తాడు. అతనికి ఒక చేయి, ఒక కాలు లేవు. చక్కెర మిల్లులో వేలు చిక్కుకుంటే చేయి నరుకుతారనీ, పారిపోబోతే కాలు నరుకుతారనీ, తనకు రెండూ జరిగాయనీ చెబుతాడు. యూరపులో తినే చక్కెర వెల ఇదేనని వివరిస్తాడు. మాంటెస్క్యూ వ్యంగ్యంగా పేర్కొన్న చక్కెర ధర ఇక్కడ మనిషి అవయవాలతో లెక్కకు వచ్చింది. అంతవరకు లోకమంతా మేలుకోసమే ఉందన్న గురువు మాటలను నమ్ముతూ వచ్చిన కాండీడ్ ఈ దృశ్యం ముందు ఆ నమ్మకాన్ని వదులుకుంటాడు. ఒక సిద్ధాంతాన్ని ఒక వాస్తవం ఎదిరించడం కథలో సంఘటనగా మారింది.

అదే సమయంలో మరో వైపు కూడా చెప్పాలి. వ్యక్తి స్వేచ్ఛను ప్రతిపాదించిన లాక్ బానిస వ్యాపారం సాగించిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాదారు. ఫ్రాన్సులో 1794లో రద్దయిన బానిసత్వాన్ని 1802లో నెపోలియన్ తన వలసల్లో పునరుద్ధరించాడు. ఫ్రెంచి వలసల్లో దాని తుది రద్దుకు 1848 దాకా ఆగవలసి వచ్చింది. హేతువు ఉన్నచోట న్యాయం తనంతట తానే వస్తుందన్న భ్రమను ఈ వాస్తవాలు తొలగిస్తాయి.

7. తాత్త్వికుల మధ్య తగవు:

పట్టికలో పక్కపక్కన ఉన్నవారంతా ఒకే మాట చెప్పారన్న భావన సహజంగా కలుగుతుంది. రూసో (1712–1778) ఇందుకు పెద్ద మినహాయింపు. శాస్త్రాల, కళల పునరుద్ధరణ నీతిని మెరుగుపరచిందా అని డిజాన్ అకాడమీ పెట్టిన పోటీకి, లేదనే జవాబుతో ఆయన రాసిన వ్యాసం 1750లో బహుమతి పొందింది. హేతువును సమర్థించినవారి జాబితాలో ఉన్న వ్యక్తి ఆ యుగపు ప్రగతి భావనపై తొలి పెద్ద సందేహాన్ని లేవనెత్తాడు. స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ 1739–40లో వెలువడిన గ్రంథంలో, మనిషిని కార్యోన్ముఖుణ్ణి చేసేవి ఉద్వేగాలేననీ, బుద్ధి వాటి సేవలో ఉంటుందనీ వాదించాడు. బుద్ధి పరిమితిని బుద్ధితోనే నిరూపించే ప్రయత్నం అది.

1755 నవంబర్ 1న లిస్బన్ నగరాన్ని భూకంపం ధ్వంసం చేసింది. మరుసటి సంవత్సరం వోల్టేర్ ఆ విపత్తుపై ఒక కావ్యం ప్రచురించాడు. ఇంతటి అకారణ దుఃఖం ముందు అంతా మంచికేనన్న తత్త్వం ఎట్లా నిలుస్తుందన్నది అందులోని ప్రశ్న. దానికి రూసో ఒక సుదీర్ఘ లేఖ రాశాడు. అక్కడ అన్ని అంతస్తుల ఇళ్లను అంత దగ్గరగా కట్టింది ప్రకృతి కాదనీ, మనుషులు చెదిరి నివసించి ఉంటే నష్టం తక్కువగా ఉండేదనీ, వస్తువుల కోసం వెనుదిరిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారనీ ఆయన వాదన. వోల్టేర్ ప్రశ్న దైవన్యాయాన్ని గురించినది. రూసో జవాబు నగర నిర్మాణాన్ని గురించినది. ప్రకృతి వైపరీత్యంలో మానవ నిర్ణయాల పాత్ర ఎంత అన్న నేటి చర్చకు ఆ లేఖ దగ్గరగా ఉంటుంది. ఇద్దరిలో ఎవరి హేతువు బలమైనదో తరగతిలో చర్చించవచ్చు. అట్లాంటి చర్చ జరిగిన రోజున విద్యార్థికి ఈ ఇద్దరి భావాలూ కంఠస్థం చేయకుండానే గుర్తుంటాయి.

8. హద్దులు, ఆ హద్దుల లోపలి నుంచి విమర్శ:

హేతువును సర్వమానవ సాధారణమన్నవారే దానిని కొందరికి నిరాకరించారు. ‘ఎమిల్’ (1762) ఐదో భాగంలో రూసో స్త్రీవిద్యను పురుషుని సౌఖ్యానికి అనుగుణంగా తీర్చిదిద్దాడు. స్వయంగా ఆలోచించే ధైర్యమే జ్ఞానోదయమని 1784లో బెర్లిన్ మాసపత్రికలో నిర్వచించిన ఇమాన్యుయెల్ కాంట్, మానవజాతి విభాగాలపై రాసిన వ్యాసాల్లో జాతుల మధ్య హెచ్చుతగ్గులు కల్పించాడు.

ఈ విషయాలు చెప్పినప్పుడు తరగతిలో రెండు రకాల స్పందనలు రావచ్చు. అవి ఆ కాలపు పరిమితులని సర్దిచెప్పడం ఒకటి. హేతువు అనేదే పాశ్చాత్య పురుషుల ఆధిపత్య సాధనమని తోసిపుచ్చడం రెండవది. రెండూ పరిశీలనను ఆపివేస్తాయి. మొదటిదానికి సమకాలిక చరిత్రే సమాధానం చెబుతుంది. 1790లో కొందొర్సే స్త్రీలకు పౌరసత్వ హక్కులు కావాలని వాదించాడు. 1791లో ఒలింప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రచించింది. ఆ కాలంలోనే వేరుగా ఆలోచించినవారు ఉన్నప్పుడు, లోపాన్ని కాలంపై నెట్టడం కుదరదు.

రెండవదానికి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ (1759–1797) సమాధానం చెబుతుంది. 1792లో వెలువడిన తన గ్రంథంలో ఆమె రూసోను ఖండించిన తీరు గమనార్హం. మనిషిని జంతువు నుంచి వేరు చేసేది హేతువేనన్న సూత్రాన్ని ఆమె అంగీకరిస్తుంది. ఆపై స్త్రీలకు హేతువు లేదని ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయించారని అడుగుతుంది. చదువు నిరాకరించి, ఆ నిరాకరణ ఫలితాన్ని స్వభావమని పిలవడం తర్కదోషమని నిరూపిస్తుంది. హేతువును తోసిపుచ్చకుండా దాని యజమానులను ప్రశ్నించిన మార్గం ఇది. చదువుకు దూరంగా ఉంచబడిన కులాల నుంచి, కుటుంబాల నుంచి వచ్చి నేడు డిగ్రీ తరగతుల్లో కూర్చున్న విద్యార్థులకు ఈ వాదన కేవలం పరదేశపు చరిత్ర కాదు. అర్హతను ముందు నిరాకరించి, తరువాత అర్హత లేదనే తర్కం వారికి వేరే రూపాల్లో తెలిసినదే.

9. బోధనకు సూచనలు:

పై పరిశీలన ఆధారంగా కొన్ని సూచనలు చేయవచ్చు. పాఠాన్ని వ్యక్తుల వారీగా కాక సందర్భాల వారీగా అమర్చాలి. కలాస్ వ్యాజ్యం, పర్షియన్ లేఖలు, బానిసత్వం, లిస్బన్ భూకంపం అనే నాలుగింటిలో ప్రధాన తాత్త్వికులు చాలామంది ప్రస్తావనకు వస్తారు. ప్రతి సందర్భానికి రెండు మూడు పుటల మూలభాగం చాలు. ఆ భాగాలను తెలుగులోకి అనువదించే పనిని తెలుగు, చరిత్ర, తత్త్వశాస్త్ర శాఖలు కలిసి చేపట్టాలి. అనువాదంలో ‘హేతువాదం’, ‘అనుభవవాదం’, ‘నాస్తికవాదం’, ‘విమర్శనాత్మక హేతువు’ అనే పదాలను వేర్వేరుగా స్థిరపరచుకోవాలి.

ప్రశ్నపత్రం మారనిదే పాఠం మారదు. తాత్త్వికుల భావాలను వివరించమనే ప్రశ్నకు బదులుగా, కలాస్ కుటుంబం వాంగ్మూలం మార్చడానికి గల కారణాలను పరిశీలించి, న్యాయస్థానం నిర్ణయాన్ని విమర్శించమని అడగవచ్చు. బానిసత్వంపై మాంటెస్క్యూ పేరా ఇచ్చి, రచయిత అభిప్రాయం ఏమిటో, అది ఎట్లా తెలుస్తోందో రాయమనవచ్చు. ఈ ప్రశ్నలకు గైడులో జవాబు దొరికినా, కారణం మాత్రం విద్యార్థే చెప్పవలసి ఉంటుంది.

10. ముగింపు:

శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ భావాన్ని పెంపొందించడం పౌరుని ప్రాథమిక విధుల్లో ఒకటిగా 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 51ఎ అధికరణంలో చేరింది. చరిత్ర పాఠంలో ఆ విధి నెరవేరడానికి తాత్త్వికుల పాఠం అనువైన చోటు. అయితే వారి పేర్లు వల్లించినంత మాత్రాన అది నెరవేరదు. హేతువును సమర్థించిన రచయితలు ఆధారం అడిగారు, సాక్ష్యాన్ని తూచారు, పరాయి కళ్లతో తమను చూసుకున్నారు, ఒకరినొకరు ఖండించుకున్నారు. కొన్నిచోట్ల విఫలమయ్యారు. ఆ పనులన్నీ విద్యార్థి చేత చేయించగలిగిన మేరకు ఆ పాఠం జరిగినట్టు. వోల్టేర్ పేరుతో ఒక వాక్యం రాసిన విద్యార్థిని, అది ఏ గ్రంథంలో ఉందని అడగడంతో ఈ మార్పును వచ్చే తరగతిలోనే మొదలుపెట్టవచ్చు.